అన్నా, బాణం గుర్తు ఎక్కడ?

గత దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్‌లో మారోవిండ్ ఇన్‌స్టాల్ చేసిపెట్టాను. వాడు బీటెక్ సెకండ్ ఇయర్. వాడిది ఆర్‌టీఎక్స్ 4050 ఉన్న మెషీన్. అందులో 2002 నాటి గేమ్ వెయ్యడమంటే బుల్లెట్ బండి వేసుకుని పక్క వీధిలో కొత్తిమీర కట్ట కొనుక్కురావడం లాంటిది. అయినా నా మాట కాదనలేక కూర్చున్నాడు. క్యారెక్టర్ తయారు చేసుకున్నాడు, ఓడ దిగాడు, సేడా నీన్ అనే చిత్తడి పల్లెలోకి వచ్చాడు. చేతిలో ఒక ప్యాకెట్ పెట్టారు. దాన్ని బాల్మోరా అనే ఊళ్లో ఉన్న కేయస్ కొసాడెస్ అనే ఆయనకి ఇవ్వాలి. వాడు స్క్రీన్ నాలుగు మూలలా వెతికి నా వైపు తిరిగాడు.

“అన్నా, బాణం గుర్తు ఎక్కడ?”

“బాణం ఉండదురా ఇందులో.”

“మరి ఎటెళ్లాలో ఎలా తెలుస్తుంది?”

“ఊళ్లో ఎవర్నైనా అడుగు.”

బస్టాండ్‌లో ల్యాండ్‌లైన్ వెతుకుతున్నవాణ్ని చూసినట్టు చూశాడు నన్ను.

కేవలం ఫోన్ల రివ్యూల కోసం ఈ సైట్‌కి వచ్చేవాళ్లకి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. కంప్యూటర్ ఆర్‌పీజీ అంటే మనమే ఒక పాత్రని తయారు చేసుకుని, బలం, తెలివి, మాటకారితనం లాంటివాటికి నంబర్లు పంచి, ఆ నంబర్లతోనే ఒక లోకంలో బతకడం. ఫాల్అవుట్, బాల్డర్స్ గేట్, ప్లేన్‌స్కేప్ టార్మెంట్, మారోవిండ్ - ఇవి పాత తరం పెద్ద పేర్లు. వీటి అభిమానులకి ఒక అలవాటుంది: కొత్త ఆర్‌పీజీ ఏది వచ్చినా “పాతవాటిలా లేదు” అనేస్తాం. నేనూ అంటాను. కానీ తమ్ముడి చూపు తర్వాత నాకే అనుమానం వచ్చింది. నేను మిస్ అవుతున్నది నిజంగా ఆ గేమ్స్‌లో ఉన్నదాన్నా, లేక అవి ఆడిన నా హాస్టల్ రూమ్‌నా?

అసలు నాకు ఆ హక్కుందా?

బాల్డర్స్ గేట్ 1998లో వచ్చింది. నేను కూడా అదే ఏడాది వచ్చాను. ఫాల్అవుట్ నాకంటే ఏడాది పెద్దది. మారోవిండ్ వచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పలక నాకుతూ ఉండి ఉంటాను. అంటే ఇది నా చిన్ననాటి జ్ఞాపకం కాదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది.

కొన్నది కూడా వేరే దారి లేక. 2016లో బీటెక్‌లో చేరినప్పుడు నాకు దొరికిన ల్యాప్‌టాప్‌లో ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉండేవి. గ్రాఫిక్స్ కార్డ్ లేదు. అందరూ విచర్ 3 గురించి మాట్లాడుకుంటుంటే నేను దాన్ని యూట్యూబ్‌లో, అదీ 360పీలో చూసేవాణ్ని. ఒక సీనియర్ హార్డ్ డిస్క్‌లో ‘ఓల్డ్’ అని ఒక ఫోల్డర్ ఉండేది. (అవి అందులోకి ఎలా వచ్చాయో అడక్కండి. మొదటి జీతం వచ్చాక సేల్‌లో అన్నీ డబ్బులిచ్చి కొనుక్కున్నాను.) ఆ ఫోల్డర్‌లో నా మెషీన్ మీద గొణక్కుండా నడిచిన మొదటి గేమ్ ప్లేన్‌స్కేప్ టార్మెంట్. 1999లో బ్లాక్ ఐల్ స్టూడియోస్ చేసింది.

కథ శవాగారంలో మొదలవుతుంది. బల్ల మీద మీరు లేస్తారు. పేరు గుర్తులేదు, ఏమీ గుర్తులేదు. గాల్లో తేలే ఒక పుర్రె వచ్చి మీతో వాగుడు మొదలుపెట్టి, మీ వీపు మీద పచ్చబొట్టులో ఏం రాసుందో చదివి వినిపిస్తుంది. ఆ రాతలు మీకు మీరే రాయించుకున్నవి, మళ్లీ మర్చిపోతారని తెలిసి. మీకు చావు లేదు. చచ్చిన ప్రతిసారీ మళ్లీ లేస్తారు. ఇక్కడ గేమ్ ఓవర్ అనేది దాదాపు ఉండదు.

ఇందులో మొత్తం 8 లక్షల పదాలు ఉన్నాయంటారు. గొంతు వినిపించేది ఎప్పుడో ఒక వాక్యం, మిగతాదంతా చదువుకోవాల్సిందే. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీష్ మీడియం అన్నారు గానీ, మేము చేసింది బట్టీ పట్టడమే. మొదటి రోజు ఒక డైలాగ్ బాక్స్ పూర్తి చేయడానికి ఫోన్‌లో డిక్షనరీ యాప్ పదిసార్లు తెరిచి ఉంటాను. కొన్ని మాటలైతే అందులోనూ దొరికేవి కావు. అది సిజిల్ అనే ఆ ఊరి జనం మాట్లాడుకునే యాస అని చాలా రోజులకి తెలిసింది. ఇంగ్లీషే రాని నాకు ఇంగ్లీష్‌లో యాస!

కానీ నాకు కావాల్సిందేదో ఆ గేమ్‌లో ఉంది. అది ఆగేది. నేను ఆ వాక్యం చదివి, మాట వెతికి, మళ్లీ చదివి, నా జవాబు ఎంచుకునేదాకా ఆ పుర్రె, ఆ ముసలి మంత్రగత్తె, ఆ ఊరు అన్నీ అలాగే నిలబడి ఉండేవి. క్లాసులో ప్రొఫెసర్ ఆగరు. ఇంగ్లీష్ సినిమా ఆగదు. ఈ గేమ్ ఆగింది. పైగా అందులో గెలవడానికి కత్తి కంటే మాటే పనికొస్తుంది. తెలివి, జ్ఞానం మీద పాయింట్లు పెట్టుకుంటే ఆఖరి శత్రువుని కూడా మాటలతోనే దారికి తెచ్చుకోవచ్చు. నాలుగు నెలలు పట్టింది నాకు. ఆ తర్వాతి సెలవుల్లో మొట్టమొదటిసారి ఒక ఇంగ్లీష్ నవల మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివాను.

కాబట్టి నా వైపు నుంచి పక్షపాతం ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నా. అందుకే ఈ పక్షపాతం ఏమాత్రం లేని తమ్ముడి మీద ప్రయోగం చేశాను.

వేపచెట్టు దగ్గర లెఫ్ట్ కొట్టి

మారోవిండ్‌లో దారి చెప్పే పద్ధతి మన ఊళ్లలో దారి చెప్పే పద్ధతే. “ఇలా తిన్నగా వెళ్తే వేపచెట్టు వస్తది, అక్కడ లెఫ్ట్ కొట్టి, పాల కేంద్రం దాటాక మూడో ఇల్లు. తెలీకపోతే అక్కడ సుబ్బారావు గారిల్లని అడుగు, చెప్తారు.”

కేయస్ కొసాడెస్ మొదటి అసలు పని అప్పజెప్పినప్పుడు ఇలాగే ఉంటుంది. ఆయన మిమ్మల్ని ఫైటర్స్ గిల్డ్‌లో ఒకాయన దగ్గరికి పంపుతాడు. ఆయనేమో ఆర్క్‌న్‌థాండ్ అనే శిథిలాల్లోంచి ఒక చిన్న పెట్టె తెచ్చిపెట్టమంటాడు. దారి మాటల్లో చెప్తాడు: ఊరు దాటి వెళ్లు, మూన్‌మాత్ కోట వస్తుంది, అక్కణ్నుంచి ముందుకెళ్తే లావా పారి ఎండిపోయిన లోయ మీద పాతకాలపు డ్వెమర్ వంతెన ఉంటుంది, అది దాటితే శిథిలాలు, తలుపు తెరవాలంటే ఒక తిప్పుడు పిడి వెతుక్కోవాలి. అంతే. ఇదంతా మీ జర్నల్‌లో రాసి ఉంటుంది. మ్యాప్ మీద చుక్క పడదు.

ఇలా చెప్పడం వల్ల ఆటగాడు చేసే పని మారిపోతుంది. మీరు వంతెన కోసం వెతుకుతారు, అంటే లోయని చూస్తారు. కోట కోసం వెతుకుతారు, అంటే కొండల వరసని చూస్తారు. చూడకపోతే దారి తప్పుతారు, తప్పితే ఇంకేదో దొరుకుతుంది. సేడా నీన్ నుంచి బాల్మోరాకి నడిచి వెళ్లేవాళ్లకి దారిలో ఒక మనిషి కేకలు వేస్తూ ఆకాశంలోంచి దబ్బున పడి చచ్చిపోతాడు. దగ్గరికెళ్లి వెతికితే కొన్ని మంత్రపత్రాలుంటాయి. చదివారనుకోండి, ఒక్క గెంతుకి మీరూ మేఘాల దాకా పోతారు. దిగేటప్పుడు ఏమవుతుందో ఆయన్ని చూస్తే తెలుస్తోంది కదా. దీన్ని ఏ క్వెస్ట్ లిస్టూ మీకు చెప్పదు. నడిచినవాడికే దొరుకుతుంది.

ప్రయాణాలు కూడా అంతే. మ్యాప్ మీద నొక్కి ఎగిరిపోవడం ఉండదు. సిల్ట్ స్ట్రైడర్ అని ఏనుగుని మించిన పురుగులుంటాయి, వాటి వీపు మీద ఎక్కి వెళ్లాలి. ఒక్కో ఊరి నుంచి కొన్ని ఊళ్లకే సర్వీసు. కొన్నిచోట్ల దిగి పడవ ఎక్కాలి. విజయవాడలో దిగి బస్సు మారినట్టు. కొన్నాళ్లకి ఆ రూట్లు మీకు నోటికొచ్చేస్తాయి. నాకు ఇప్పటికీ వచ్చు. మా ఆఫీసుకెళ్లే బస్సుల నంబర్లు మాత్రం గుర్తుండవు, యాప్ ఉంది కదా.

ఈ గేమ్ నిజాయితీ గురించి ఇంకొక్కటి. కథకి అత్యవసరమైన మనిషిని మీరు పొరపాటున చంపేశారనుకోండి. గేమ్ ఆపదు. ఇక ఈ జోస్యం నెరవేరదు, కావాలంటే పాత సేవ్‌కి వెళ్లు, లేదా చెడగొట్టుకున్న ఈ లోకంలోనే బతుకు అనే అర్థం వచ్చే ఒక మెసేజ్ చూపిస్తుంది. అదే స్కైరిమ్‌లో అలాంటివాళ్లని ఎంత పొడిచినా మోకాళ్ల మీద కూలబడి, కాస్త ఊపిరి పీల్చుకుని, మళ్లీ లేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు టీవీ సీరియల్ విలన్లు గుర్తొచ్చారు.

మరి బాణం ఎందుకొచ్చింది?

“కంపెనీలకి డబ్బాశ, పిల్లలకి ఓపిక లేదు” అని తేల్చెయ్యడం సులువు. నేను కోడ్ రాసి బతుకుతున్నవాణ్ని కాబట్టి ఇంజినీరింగ్ వైపు నుంచి చూస్తే నాకు వేరే కారణం కనిపిస్తుంది.

మారోవిండ్‌లో చాలామంది పాత్రలు ఉన్నచోటే ఉంటారు. పగలైనా రాత్రైనా కొట్టువాడు కొట్లోనే నిలబడి ఉంటాడు. మాటలు దాదాపు అన్నీ టెక్స్ట్. అదే కంపెనీ 2006లో ఆబ్లివియన్ తెచ్చింది. అందులో రెండు పెద్ద మార్పులు. ఒకటి, జనానికి దినచర్య వచ్చింది: లేస్తారు, పనికెళ్తారు, తింటారు, పక్క ఊరికి పోతారు, పడుకుంటారు. రెండు, ప్రతి డైలాగూ నటులతో చెప్పించారు. ప్యాట్రిక్ స్టీవర్ట్, షాన్ బీన్ లాంటి పెద్ద నటులు కూడా ఉన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. “ఆయన కోట పక్క వీధిలో ఉంటాడు” అని ఒక పాత్ర చెప్పింది, కానీ ఆయన ఆ టైమ్‌కి పక్క ఊళ్లో ఉన్నాడు. మాటలతో చెప్పిన దారి అబద్ధమైపోయింది. ఎవరెక్కడున్నారో ఎప్పటికప్పుడు తెలిసేది గేమ్ ఇంజిన్‌కి ఒక్కదానికే, దాన్ని చూపించాలంటే తేలికైన మార్గం బాణం. ఇక గొంతు సంగతి. టెక్స్ట్‌లో ఒక వాక్యం మార్చాలంటే ఫైల్ తెరిచి మార్చేస్తాం, రెండు నిమిషాలు. రికార్డ్ చేసిన వాక్యం మార్చాలంటే నటుణ్ని, స్టూడియోని మళ్లీ పిలవాలి. రిలీజ్‌కి నెల ముందు ఆ వంతెన వంద గజాలు అటు జరిగిందంటే? పైగా “కోట దాటి, లోయ మీదుగా, వంతెన పక్కన...” అని ఒక నటుడు నిమిషంసేపు చెప్తుంటే వినే ఓపిక నాకే ఉండదు. మాటకి ఖరీదు పెరిగింది, మాటలు తగ్గాయి. మిగిలిన ఖాళీలోకి బాణం వచ్చి కూర్చుంది.

2015లో ఫాల్అవుట్ 4 వచ్చేసరికి ఇది ఆఖరి మెట్టుకి చేరింది. హీరోకి కూడా గొంతు పెట్టారు. దాంతో మీరు ఏ సంభాషణలోనైనా చెప్పగలిగేవి నాలుగే నాలుగు జవాబులు, అవి కూడా పొట్టి మాటల్లో చూపిస్తారు. దీన్ని 1997 నాటి మొదటి ఫాల్అవుట్ పక్కన పెట్టి చూడండి. అందులో మీ పాత్రకి తెలివి 4 కంటే తక్కువ ఇచ్చారంటే ఆ పాత్ర గేమంతా మూలుగుతూ, ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. జనం మిమ్మల్ని చూసి జాలిపడతారు, లేదా తరిమేస్తారు. ఫాల్అవుట్ 2లో ఇంకా బాగుంటుంది. టార్ అని బుద్ధి ఎదగని కుర్రాడు ఒకడుంటాడు. మీ పాత్రకి కూడా తెలివి తక్కువైతే, మీరిద్దరూ కలిసినప్పుడు సంభాషణ ఉన్నట్టుండి పండితుల గోష్ఠిలా మారిపోతుంది. ఎంతమంది ఆడి చూస్తారని రాశారు అది? వందమందిలో ఒకడు కూడా ఉండడేమో. టెక్స్ట్ కాబట్టి రాయగలిగారు. ప్రతి వాక్యానికీ స్టూడియో బిల్లు వస్తుంటే ఏ మేనేజరైనా మొదట కొట్టేసేది అదే.

బెథెస్డా వాళ్లే 2023లో స్టార్‌ఫీల్డ్‌కి వచ్చేసరికి హీరో గొంతు తీసేశారు. అదైతే నాకు నచ్చింది.

పాతవన్నీ బంగారమేం కాదు

మారోవిండ్ ఆపేసి తమ్ముడికి బాల్డర్స్ గేట్ మొదటి భాగం ఇచ్చాను. ఇక్కడ నా పరువు పోయింది.

వాడు మంత్రగాణ్ని ఎంచుకున్నాడు. ఆ నిబంధనల్లో మొదటి లెవెల్ మంత్రగాడి ప్రాణం మహా అయితే 4 పాయింట్లు, ఏదో బోనస్ ఉంటే ఇంకొకటో రెండో. మంత్రం ఒక్కసారి వేస్తే అయిపోయింది, మళ్లీ పడుకుని లేవాలి. కష్టపడి ఫ్రెండ్లీ ఆర్మ్ అనే సత్రం దాకా వచ్చాడు. పేరు చూసి ఊపిరి పీల్చుకున్నాడు పాపం. మెట్ల మీదే ఒక హంతకుడు కాచుకుని ఉన్నాడు. నాలుగు సెకన్లలో చచ్చాడు. లోడ్ చేశాడు, మళ్లీ చచ్చాడు. మూడోసారి పార్టీలో సగం మంది వాడి మంత్రానికి బెదిరి చెల్లాచెదురుగా పరిగెత్తారు, వీడు మళ్లీ చచ్చాడు. “ఇందులో నేను చేసిన తప్పేంటన్నా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాడు తప్పేం చెయ్యలేదు.

ఇక థాకో లెక్క. కవచం నంబర్ తగ్గేకొద్దీ మంచిది. థాకో కూడా తగ్గేకొద్దీ మంచిది. మీ థాకో 20, అవతలివాడి కవచం 5 అయితే 20లోంచి 5 తీసేసి, ఇరవై ముఖాల పాచిక మీద 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అంటే 30 శాతం. పది దెబ్బల్లో ఏడు గాల్లోకే. అదే కవచం మైనస్‌లోకి వెళ్తే, తీసెయ్యడం కాస్తా కలపడం అవుతుంది. ఇది వివరిస్తుంటే వాడు “ఎవరు డిజైన్ చేశారన్నా ఈ ఏపీఐ?” అన్నాడు. సెకండ్ ఇయర్‌కే ఆ మాట అన్నాడంటే వాడికి ఉద్యోగం గ్యారంటీ.

న్యాయంగా చెప్పాలంటే ఆ రోజుల్లో డబ్బాలో లావుపాటి మాన్యువల్ ఇచ్చేవాళ్లు. అది ముందు చదివి కూర్చోవాలనేది ఒప్పందం. నేను హాస్టల్‌లో ఆ పీడీఎఫ్ చదివాను, ఎందుకంటే రాత్రి పదకొండు తర్వాత వైఫై ఆపేసేవాళ్లు, వేరే పని లేదు. వాడికి అలాంటి ఖాళీ రాత్రులు లేవు. ఒక యాప్ నచ్చకపోతే ఇంకొకటి రెడీగా ఉంటుంది.

ఇరుకు సందుల్లో ఒకరికొకరు అడ్డుపడి ఎటో తిరిగిపోయే పార్టీ, ప్లేన్‌స్కేప్‌లోని విసుగు పుట్టించే ఫైట్లు, మారోవిండ్‌లో కళ్ల ముందున్న ఎలుకని కత్తితో పదిసార్లు కొట్టినా తగలకపోవడం - ఇవన్నీ నా జ్ఞాపకంలోంచి ఎప్పుడో జారిపోయాయి. ఇంకా చెప్పాలంటే నేను నెత్తిన పెట్టుకునే మారోవిండ్ దారుల్లోనే కొన్నిచోట్ల దిక్కులు తప్పుగా ఉంటాయి. తూర్పు అంటారు, పడమర ఉంటుంది. ఆర్క్‌న్‌థాండ్‌లో ఆ పెట్టె కనపడక నేను హాస్టల్‌లో వికీ చూశాను. అవును, చూశాను.

కొత్తవాళ్లు ఏం చేశారు?

ఈ పాత పద్ధతి ఒక దశలో నిజంగానే ఆగిపోయింది. ప్లేన్‌స్కేప్ చేసిన బ్లాక్ ఐల్ 2003లో మూతపడింది. తిరిగి లేచింది జనం చందాలతో. 2012లో అబ్సిడియన్ కంపెనీ కిక్‌స్టార్టర్‌లో డబ్బులడిగితే 73 వేల మందికి పైగా కలిసి దాదాపు 40 లక్షల డాలర్లు ఇచ్చారు. అది 2015లో పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీగా వచ్చింది. మంచి గేమే, కానీ మనసు పెట్టి ఆడుతున్నప్పుడు కూడా ఒక పాత ఇంటికి అచ్చం అలాగే రంగులేసిన కాపీలో తిరుగుతున్నట్టు ఉంటుంది నాకు. ప్లేన్‌స్కేప్ పేరు చెప్పుకుని 2017లో వచ్చిన టార్మెంట్: టైడ్స్ ఆఫ్ నుమెనెరాలో మాటలకి కొదవ లేదు. బరువే తగ్గింది. పాతదాన్ని తిరిగి తేవడమంటే టెక్స్ట్ ఎక్కువ పెట్టడం అనుకున్నారేమో.

నిజంగా తెచ్చినవి రెండు, అవి రెండూ పాతవాటిలా కనిపించవు.

మొదటిది 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం. ఎస్టోనియా వాళ్లు మొదలుపెట్టిన గేమ్. ఇందులో విడిగా ఫైటింగ్ సిస్టమే లేదు. పీకల్దాకా తాగి, తానెవరో మర్చిపోయిన ఒక పోలీసు డిటెక్టివ్ మీరు. మీ 24 నైపుణ్యాలూ మీ తలలో ఒక్కొక్కటీ ఒక్కో గొంతుతో మాట్లాడతాయి, సలహాలిస్తాయి, కొన్నిసార్లు తప్పుడు సలహాలు కూడా ఇస్తాయి. పది లక్షల పదాలకి పైనే. 2021లో వచ్చిన ఫైనల్ కట్‌లో దాదాపు మొత్తానికి గొంతు పెట్టారు కూడా. కానీ ప్రతి వాక్యం తర్వాతా ఆగుతుంది, మీరు నొక్కితేనే ముందుకెళ్తుంది. నేను పైన గొంతు మీద వేసిన నిందలో సగం ఈ గేమ్ దగ్గర వెనక్కి తీసుకోవాలి.

రెండోది బాల్డర్స్ గేట్ 3. బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో తెచ్చింది, ఆ ఏడాది గేమ్ ఆఫ్ ది ఇయర్ కూడా కొట్టింది. గొంతుకి ఖర్చవుతుంది కాబట్టి మాటలు తగ్గించాలి అనే లెక్కని వీళ్లు మొరటుగా, డబ్బుతోనూ ఏళ్ల తరబడి పనితోనూ కొట్టేశారు. దాదాపు ప్రతి మనిషినీ చంపొచ్చు, చచ్చినవాడి శవంతో మాట్లాడొచ్చు, పిల్లితో, ఎద్దుతో మాట్లాడొచ్చు. పాచిక మీద ఓడినా కథ ఆగదు, ఇంకో దారిలోకి మళ్లుతుంది. ఆ ఓటమి దారిని కూడా ఎవరో కూర్చుని రాశారు, నటించారు. టార్‌తో గోష్ఠి రాసినవాళ్ల బుద్ధి ఇదే. అయితే ఇందులో కూడా ఒక చిన్న మోసముంది, సెట్టింగ్స్‌లో చూడండి: కార్మిక్ డైస్ అని. వరసగా దురదృష్టం రాకుండా పాచికని వెనక నుంచి సర్దుతుంది, అది ముందే ఆన్ చేసి ఉంటుంది. నేను ఆఫ్ చేసి ఆడాను. తమ్ముడు ఆఫ్ చేసి ఒక గంట ఆడి, మళ్లీ ఆన్ చేశాడు.

బాణం లేకుండా కూడా అమ్ముడుపోతుందా అనేవాళ్లకి ఎల్డెన్ రింగ్ ఉంది. క్వెస్ట్ లిస్ట్ లేదు, ఎవరికి ఏం మాటిచ్చారో మీరే గుర్తుపెట్టుకోవాలి, అయినా 2 కోట్లకి పైగా కాపీలు పోయాయి. అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో 2018లోనే ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ పెట్టారు. అందులో మార్కర్ బదులు “ఫలానా ద్వీపంలో, ఫలానా గుడికి పడమర” అని ఆనవాళ్లు చెప్తారు. స్కైరిమ్‌లో మార్కర్లు ఆఫ్ చెయ్యడం తెలుసు కదా? చేసి చూడండి ఒకసారి. చాలా క్వెస్టుల్లో ఆ మనిషి ఎటున్నాడో మాటల్లో ఎవరూ చెప్పరు. బాణం ఉందన్న ధైర్యంతో రాసిన డైలాగులవి.

ఏది, దేంట్లో?

బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ, అదీ ఎస్ఎస్‌డీలో కావాలి. రోజుకి ఒకటిన్నర జీబీ మొబైల్ డేటా మీద బతికే హాస్టల్ కుర్రాడికి అది అచ్చంగా 100 రోజుల డౌన్‌లోడ్. వాట్సాప్ కూడా చూడకుండా. మొదటి బాల్డర్స్ గేట్ 5 సీడీల్లో వచ్చింది, అంటే మూడున్నర జీబీ లోపే. మారోవిండ్ ఒక జీబీ అటూఇటూ. నా దగ్గర పాత ఐ3 ల్యాప్‌టాప్ ఇంకా ఉంది, దాంట్లో ఇవన్నీ ఇప్పటికీ నడుస్తాయి.

మారోవిండ్ కొంటే దాన్ని నేరుగా కాకుండా ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్‌తో ఆడండి. ఒరిజినల్ ఫైల్స్ మీ దగ్గర ఉండాలి, ఇంజిన్ మాత్రం ఉచితం. వైడ్‌స్క్రీన్ సరిగ్గా వస్తుంది, దూరం కనిపిస్తుంది, క్రాష్‌లు బాగా తక్కువ. తమ్ముడికి నేను పెట్టింది కూడా ఇదే. పాత గేమ్స్‌కి జీఓజీ స్టోర్ బెస్ట్, డీఆర్ఎమ్ ఉండదు, చాలావాటికి మాన్యువల్ పీడీఎఫ్ కూడా ఇస్తారు.

ఫోన్ విషయానికి వస్తే, బాల్డర్స్ గేట్ 1, 2, ఐస్‌విండ్ డేల్, ప్లేన్‌స్కేప్ టార్మెంట్ - వీటి ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్లు ఆండ్రాయిడ్‌లోనూ ఐఓఎస్‌లోనూ ఉన్నాయి. 6.5 అంగుళాల ఫోన్‌లో బాల్డర్స్ గేట్ ఫైట్లు నావల్ల కాలేదు. వేలు పెడితే శత్రువు బదులు మన మనిషే సెలెక్ట్ అవుతాడు. టాబ్లెట్‌లో పర్వాలేదు, స్టైలస్ ఉంటే హాయి. ప్లేన్‌స్కేప్ మాత్రం ఫోన్‌లో కూడా బాగుంటుంది, ఎందుకంటే అందులో ఎక్కువసేపు చేసేది చదవడమే. మెట్రోలో ఈ-బుక్ చదివేవాళ్లకి నేను కళ్లు మూసుకుని రికమెండ్ చేసేది ఇదే. అక్షరాల సైజు మాత్రం ముందే సెట్టింగ్స్‌లో పెంచుకోండి.

ఇక తమ్ముడి ప్రయోగం ఏమైందంటే: బాల్డర్స్ గేట్ 1 ఆ సత్రం మెట్ల దగ్గరే ఆగిపోయింది, మళ్లీ ముట్టుకోలేదు. ప్లేన్‌స్కేప్ శవాగారం దాటలేదు, “తర్వాత చదువుతానన్నా” అన్నాడు, అంటే చదవడు. మారోవిండ్ మాత్రం నేను తిరిగొచ్చేశాక కూడా ఆడాడు. జర్నల్ మాటిమాటికీ తెరవడం చిరాకని, దారి రాసున్న పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకుని పక్కన పెట్టుకున్నాడట. ఆ వంతెన రెండో రోజు దొరికింది. ఆ పెట్టె కోసం గంటన్నర వెతికి, నాకు ఫోన్ చేశాడు. నేను చెప్పేస్తానేమో అనుకున్నా, కానీ అడిగింది వేరు.

“అన్నా, అది అసలు ఇందులోనే ఉందా? అది మాత్రం చెప్పు చాలు.”

“ఉందిరా,” అన్నాను.

పెట్టేశాడు. అర్ధరాత్రి దాటాక వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. మానిటర్ మీద అరలో చిన్న పెట్టె, కాస్త బ్లర్‌గా.